మూడు వేల జూమ్ ఎందుకు బావా, సెన్సర్ చూడు

మేముండేది మేడవాక్కంలో. పల్లికరణై చిత్తడి నేల బండి మీద పది నిమిషాలు. సీజన్‌లో రోడ్డు పక్కనే గూడబాతులు, రాజహంసలు కనిపిస్తాయి, ఫోన్‌తో తీస్తే మాత్రం నీళ్ళ మీద ఎవరో సున్నం చుక్కలు చిలకరించినట్టు వస్తాయి. ఈ బాధ పడలేకే నిరుడు సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 కెమెరా తీసుకున్నాను.

2017లో వచ్చిన పాత మోడల్ ఎందుకురా, నికాన్ పీ1000 కొనుక్కో, 125 రెట్ల జూమ్, చందమామ గుంటలు కూడా కనిపిస్తాయి అన్నాడు మా బావ. కనిపిస్తాయి, కాదనను. కానీ 3000 మి.మీ. దాకా లాగే ఆ లెన్స్ వెనక ఉన్నది ఫోన్ సైజు సెన్సరే (బొమ్మని పట్టే చిప్), పైగా జూమ్ చివరికొచ్చేసరికి ఎఫ్/8 (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది). నా దాంట్లో లెన్స్ 24 నుంచి 600 మి.మీ. దాకానే, సెన్సర్ వైశాల్యం మాత్రం పీ1000 సెన్సర్‌కి నాలుగు రెట్లు, 600 దగ్గర కూడా ఎఫ్/4. (1 అంగుళం సెన్సర్ అంటారు గానీ కొలిస్తే 13.2 × 8.8 మి.మీ., అంగుళం ఎటు నుంచీ రాదు!) అయినా చెన్నై ఎండలో తొమ్మిది దాటాక నీళ్ళ మీద గాలి పొయ్యి మీద ఆవిరిలా ఊగుతుంటే, దూరంగా ఉన్న పక్షిని ఏ జూమ్‌తో లాగినా ముద్దే.

సెకనుకి 24 ఫోటోలు తీస్తుంది. లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకుతుంటే బటన్ నొక్కిపెట్టాను, డెబ్భై చిల్లర ఫోటోల్లో ఒక్కదాంట్లో ముక్కున చేప, దాని తోక నుంచి జారుతున్న నీటిబొట్టుతో సహా. మిగతావి డిలీట్ చేయడానికి ఆదివారం సాయంత్రం మొత్తం పోయింది, అది వేరే సంగతి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఎవరూ పెద్దగా చెప్పని విషయం. 600 మి.మీ. దగ్గర కూడా 72 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ అవుతుంది. బాల్కనీలో కరివేపాకు కుండీ మీద వాలిన తూనీగని కుర్చీలోంచి లేవకుండానే తీశాను, రెక్కల్లో ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు.

తిట్టుకునేవీ ఉన్నాయి. బరువు 1095 గ్రాములు, మెడలో వేసుకుంటే గంటకే తెలిసొస్తుంది. బ్యాటరీ 400 ఫోటోలంటారు, ఇంకోటి జేబులో లేకపోతే టెన్షనే. ఛార్జింగ్‌కి పాత మైక్రో యూఎస్‌బీ. టచ్ స్క్రీన్ ఉంది గానీ మెనూలో పనిచేయదు, అదేం తెలివో! పొద్దు గూకాక ఐఎస్‌ఓ (చీకట్లో వెలుతురు కోసం పెంచే సెట్టింగ్) 3200 దాటితే ఈకలన్నీ కలిసిపోతాయి. పెళ్ళి మండపాల్లో తీయాలనుకునేవాళ్ళు దీని జోలికి రాకండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ఒక మాట. నేను కొన్న షాపువాడు ఇప్పటిదాకా తీసింది నాలుగు వేల ఫోటోలే సార్ అన్నాడు (నా తమిళం విని రేటు కూడా పెంచే ఉంటాడు). ఇంటికొచ్చి ఖాళీ ఆకాశాన్ని తీస్తే పైమూల వెంట్రుక లాంటి నల్లగీత. సెన్సర్ మీద దుమ్ము. లెన్స్ ఊడి రాదు కాబట్టి మనం ఊదుకోవడం కుదరదు. షాపువాడు నాకు సంబంధం లేదన్నాడు, చివరికి వేరేచోట విప్పించి శుభ్రం చేయించుకోవాల్సి వచ్చింది. డబ్బులు ఇచ్చే ముందే ఎఫ్/11లో పెట్టి ఆకాశాన్నో తెల్లగోడనో తీసి, పెద్దది చేసి మూలమూలా చూడండి. ఇక్కడి ఉక్కకి లెన్స్‌లో బూజు కూడా పడుతుంది, నాది సిలికా జెల్ పొట్లాలతో పప్పుల డబ్బాలో ఉంటుంది, మా ఆవిడ ఆ డబ్బా కోసం ఇంకా వెతుకుతోంది.

ఇంత వాదించిన బావ మొన్న ఫోన్ చేశాడు. సూళ్ళూరుపేట దాటి నేలపట్టులో గూడబాతులు పిల్లల్ని పెట్టాయట, మా పిల్లలకి చూపించడానికి తీసుకెళ్తున్నా, ఆ కెమెరా ఒకసారి ఇవ్వరా అని. బ్యాటరీలు రెండూ ఛార్జింగ్‌లో పెట్టాను. నేనూ వస్తానన్నాను.