వెనిస్ వెళ్తున్నవాళ్లకు హెచ్చరిక: మొత్తం ధర తెలియకుండా చేప ఆర్డర్ చేయకండి

ఇటలీ టూర్ బుక్ చేసుకున్నవాళ్లు, ముఖ్యంగా అమ్మానాన్నలనో అత్తమామలనో వెంటబెట్టుకుని వెనిస్ వెళ్తున్నవాళ్లు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. సాన్ మార్కో స్క్వేర్ వెనక సందులో ఒక రెస్టారెంట్‌లో మాకు జరిగిన మోసం గురించి రాస్తున్నాను. దాని పేరు రాయడం లేదు. ఆ చుట్టుపక్కల అలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి, వాళ్లు ఎలా చేస్తారో తెలుసుకుంటేనే మీకు ఉపయోగం.

ముందు టైమింగ్ సంగతి. వెనిస్‌లో అక్కడివాళ్లు తినే హోటళ్లలో చాలావరకు మధ్యాహ్నం రెండున్నర, మూడుకల్లా వంటగది మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడింటికి తెరుస్తారు. చర్చీలు, వంతెనలు తిరిగి మనవాళ్లు ఆకలితో సోలిపోయేది సరిగ్గా ఆ మధ్యలోనే. అప్పుడు తెరిచి కనిపించేవి ఎక్కువగా గుమ్మం ముందు మనిషిని నిలబెట్టి, ఫొటోల మెనూ పట్టుకుని "నమస్తే, ఇండియా?" అని పిలిచే హోటళ్లు. సోమవారం మధ్యాహ్నం మూడు దాటాక, మామయ్యగారికి మోకాళ్ల నొప్పి ఎక్కువవడంతో మేమూ అలాంటిచోటే కూర్చోవాల్సి వచ్చింది.

వెయిటర్ మెనూ చేతికి ఇచ్చి వెంటనే తీసేసుకున్నాడు. ఈరోజు పొద్దున్నే రియాల్తో మార్కెట్ నుంచి తెచ్చిన బ్రాన్జీనో చేప ఉంది, ఎనిమిది యూరోలు అన్నాడు. ప్లేటుకా అని నా భార్య అడిగితే తల ఊపాడు. బిల్లులో చేపకి వేసింది 144 యూరోలు. అడిగితే మెనూ చివరి పేజీ తెరిచి, అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న "అల్లెత్తో" అనే మాట చూపించాడు. అంటే 100 గ్రాములకు. మా రెండు చేపలు కలిపి 1.8 కిలోలు అట. వండకముందు చేపను మా ముందుకు తెచ్చిందీ లేదు, తూకం వేసి చూపించిందీ లేదు. పైగా రియాల్తో చేపల మార్కెట్‌కు ఆదివారం, సోమవారం సెలవు.

చేపను తూకం మీద అమ్మడం ఇటలీలో మామూలే, మంచి హోటళ్లలోనూ అలాగే అమ్ముతారు. కానీ అలాంటిచోట పచ్చి చేపను పళ్లెంలో పెట్టి తెచ్చి చూపిస్తారు, బరువు చెప్తారు, మీరు సరేనన్నాకే పొయ్యి మీద పెడతారు. మెనూలో ధర పక్కన "ఎత్తో" అనో, "హెచ్‌జీ" అక్షరాలో, 100 గ్రాములనో కనిపిస్తే మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. "క్వాంతో కోస్తా ఇన్ తుత్తో?" అంటే మొత్తం ఎంత అని. రాసివ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి. ఆర్డర్ ఇవ్వకముందు లేచి వస్తే ఎవరూ ఏమీ అనలేరు. ఇంకొకటి, మెనూలో వంటకం పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే అది ఫ్రోజెన్ సరుకు అని అర్థం. ఆ గుర్తు ఉన్నదాన్ని తాజా అని చెప్తే నమ్మకండి.

డబ్బు పోయిందంటే సరిపెట్టుకున్నాం. నాకు ఇప్పటికీ కోపం తగ్గనిది అత్తయ్యగారి విషయంలో. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. మేము వెజిటేరియన్ అని గట్టిగా చెప్తే "నో మీట్, నో మీట్" అంటూ బీగొలి ఇన్ సాల్సా తెచ్చిపెట్టాడు. అది వెనిస్ ప్రాంతపు పాత వంటకం, లావుపాటి సేమ్యాలాంటి పాస్తా. అందులోని సాస్ ఉల్లిపాయలతో పాటు ఉప్పుచేపను కరిగించి చేస్తారు. ముక్కలు కనిపించవు. నాలుగు ముద్దలు తిన్నాక వాసన పట్టుకుని ఆవిడ పక్కన పెట్టేశారు. ఆ రోజంతా ఇంకేమీ తినలేదు, మాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఒక పెద్దావిడని అలా బాధపెట్టడం వాడికి చాలా చిన్న విషయం.

అందుకే శాకాహారులు "నో మీట్" అన్న మాట మీద ఆధారపడొద్దు. "సెంజా కార్నె, సెంజా పేషె, సెంజా అచ్చూగె" అని మూడూ చెప్పండి: మాంసం వద్దు, చేప వద్దు, ఆంచోవీ అనే చిన్న ఉప్పుచేప వద్దు. రీజి ఎ బీజి అనే బఠానీల అన్నంలో తరచూ పంది మాంసం ముక్కలు వేస్తారు. గుమ్మడికాయ రిజొత్తో (మెత్తగా వండే అన్నం) అని రాసినా అందులో పోసింది మాంసం ఉడికించిన నీళ్లు కావచ్చు, అడగాలి. పర్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి వాడే, దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు పైన చల్లొద్దని ముందే చెప్పండి. టమాటా, వెల్లుల్లి మాత్రమే ఉండే మరినారా పిజ్జాలో చీజ్ ఉండదు. కారం కావాలంటే అర్రబ్బియాతా పాస్తా మన నోటికి కాస్త దగ్గరగా ఉంటుంది.

బిల్లులో ఇంకా ఏముందంటే, కోపెర్తో పేరుతో మనిషికి 4 యూరోలు, సర్వీస్ 12 శాతం. కోపెర్తో అంటే కూర్చున్నందుకు, బ్రెడ్ పెట్టినందుకు తీసుకునే డబ్బు. వెనిస్‌లో అది మామూలే కానీ మెనూలో రాసి ఉండాలి. సర్వీస్ సంగతి మెనూలో ఎక్కడా లేదని పక్క టేబుళ్లకు వినిపించేలా అడిగితే తీసేశారు. మిగతా 205 యూరోలు కట్టాం. ఇలాంటప్పుడు ఐటమ్ వారీగా బిల్లు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే 117కు ఫోన్ చేస్తామని చెప్పండి. అది గ్వార్దియా ది ఫినాన్సా నంబర్, పన్నుల వ్యవహారాలు చూసే పోలీసులది. 2018లో అదే సాన్ మార్కో దగ్గర నలుగురు జపాన్ విద్యార్థులకు స్టేక్‌లు, ఒక ప్లేటు వేయించిన చేపలు, నీళ్లకు 1,100 యూరోల పైన బిల్లు వేస్తే వాళ్లు ఫిర్యాదు చేశారు. తనిఖీలు జరిగి ఆ హోటల్‌కు జరిమానా పడింది. కాబట్టి ఫిర్యాదు వృథా అనుకోకండి.

సాన్ మార్కో స్క్వేర్‌లోని పాత కేఫ్‌లలో సంగీతం వాయిస్తుంటే దానికి మనిషికి ఇంత అని విడిగా వేస్తారు. అది మెనూలో ఉంటుంది, ఇష్టమైతేనే కూర్చోండి. మామూలు బార్లలో కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చాలా తక్కువ, కూర్చుంటే ఎక్కువ. ఆ స్క్వేర్‌లో నేల మీద, మెట్ల మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తినడం నిషేధం, జరిమానా వేస్తారు.

మరి ఎక్కడ తినాలి అంటే, మర్నాడు మేము వెనిస్‌లోనే కన్నరేజియో అనే పేటలో మిజెరికోర్దియా కాలువ గట్టు వైపు వెళ్లాం. అక్కడా, రియాల్తో మార్కెట్ సందుల్లోనూ "బాకరో" అనే చిన్న దుకాణాలుంటాయి. అద్దాల పెట్టెలో చిక్కెత్తి, అంటే బ్రెడ్ ముక్కల మీద రకరకాలు పెట్టినవి, వరుసగా ఉంటాయి. చూపించి తీసుకోవచ్చు, ఒక్కోటి సుమారు 2, 3 యూరోలు, ధర కళ్ల ముందే ఉంటుంది. చేప తినేవాళ్లు సార్దె ఇన్ సావోర్ తప్పక తినండి. వేయించిన కవళ్లలాంటి చేపల్ని ఉల్లిపాయ, వెనిగర్, ఎండు ద్రాక్షతో ఊరబెడతారు, పులుపూ తీపీ రెండూ తగులుతాయి. అత్తయ్యగారికి వంకాయ, టమాటా పెట్టిన బ్రెడ్ దొరికింది, ఆంచోవీ లేదని కొట్టావిడే లోపలికెళ్లి కనుక్కుని వచ్చి మరీ చెప్పింది. పెద్దవాళ్లుంటే పన్నెండున్నరకే భోజనానికి కూర్చునేలా ప్లాన్ చేసుకోండి. మూడింటిదాకా ఆగితే మళ్లీ ఆ సాన్ మార్కో సందులే గతి.