గూగుల్ క్యాలెండర్, టుడూయిస్ట్ జోడీ: చాలాకాలం వాడాక తేలిన మంచీచెడూ

తేదీలూ వేళలూ రాసుకునే గూగుల్ క్యాలెండర్, చేయాల్సిన పనుల జాబితా రాసుకునే టుడూయిస్ట్, ఈ రెండు యాప్‌లూ విడివిడిగా మంచివే. జంటగా వాడాలంటే మాత్రం ఏది ఎక్కడ రాయాలో ముందే తేల్చుకోవాలి. ఫలానా గంటకు జరిగి తీరాల్సినవి, అంటే డాక్టర్ అపాయింట్‌మెంట్, రైలు, మీటింగ్ లాంటివి, క్యాలెండర్‌లోకి వెళ్లాలి. వేళతో పనిలేకుండా చేయాల్సినవి టుడూయిస్ట్‌లోకి వెళ్లాలి. ఒకే పనిని రెండుచోట్లా రాస్తే, ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతాం. వారం తిరిగేసరికి దేన్ని నమ్మాలో తెలియదు.

టుడూయిస్ట్‌ను ఎక్కువమంది చెడగొట్టుకునేది తేదీల దగ్గర. ప్రతి పనికీ 'రేపు' అని తగిలిస్తారు. రేపు అది జరగదు. గడువు దాటిన పనులు ఎర్రరంగులో పేరుకుపోతాయి, వాటిలో నిజమైన గడువులు కూడా కలిసిపోతాయి. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారికి జీఎస్టీఆర్-1కు (అమ్మకాల వివరాలు) 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి (నెల పన్ను లెక్క) 20వ తేదీ నిజమైన గడువులు. టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను, జమకు (మార్చి నెలది తప్ప) 7వ తేదీ కూడా అంతే. దాటితే రుసుమో వడ్డీయో పడుతుంది. బీరువా సర్దడానికి అలాంటి గడువేమీ లేదు. దాన్ని తేదీ లేకుండా ప్రాజెక్టులో (టుడూయిస్ట్‌లో ఒక్కో రకం పనుల జాబితా పేరు ఇది) ఉంచి, ఆదివారం ఓ అరగంట కూర్చుని జాబితా మొత్తం చూసి, ఆ వారం నిజంగా చేయగలిగిన ఐదారు పనులకే తేదీ ఇవ్వాలి. అలా చేస్తేనే ఆ రోజు పనులు చూపే 'టుడే' పేజీ మీద నమ్మకం నిలుస్తుంది. నా దృష్టిలో ఈ యాప్ విలువంతా ఆ ఒక్క పేజీలోనే ఉంది.

మళ్లీ మళ్లీ వచ్చే పనులను టుడూయిస్ట్ చాలా బాగా చూసుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో 'ఎవ్రీ 3 మంత్స్' అని రాస్తే అసలు తేదీ నుంచి లెక్కపెడుతుంది. 'ఎవ్రీ' పక్కనే ఆశ్చర్యార్థక గుర్తు పెడితే పని పూర్తిచేసిన రోజు నుంచి లెక్కపెడుతుంది. జనవరి 10న మార్చాల్సిన వాటర్ ఫిల్టర్‌ను 30న మార్చారనుకోండి. మొదటి పద్ధతిలో ఏప్రిల్ 10కి, రెండో పద్ధతిలో ఏప్రిల్ 30కి మళ్లీ గుర్తుచేస్తుంది. ఈఎంఐలకు మొదటిది, ఫిల్టర్లకూ సర్వీసింగులకూ రెండోది సరిపోతుంది. నెలాఖరు పనికి 'ఎవ్రీ లాస్ట్ డే' అని రాస్తే చాలు. గూగుల్ క్యాలెండర్‌లో 31వ తేదీన నెలనెలా అని పెడితే, 31 లేని ఐదు నెలల్లో ఆ ఎంట్రీ అసలు కనిపించదు. అద్దె వసూలు చేసేవాళ్లు ఇది గమనించాలి.

తెలుగులో పని పేరు రాసుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ 'రేపు సాయంత్రం' అని రాస్తే టుడూయిస్ట్ దాన్ని తేదీగా పట్టుకోదు. పేరు తెలుగులో రాసి, తేదీని బటన్ నొక్కి ఎంచుకోవడమే తేలిక. ఇంగ్లీషులో రాస్తే ఇంకో చిక్కు ఉంది. 'మండే రిపోర్ట్' అని పేరు పెడితే 'మండే'ను తేదీగా తీసుకుంటుంది. రంగు మారిన ఆ మాట మీద నొక్కితే మళ్లీ మామూలు మాటైపోతుంది.

తెలుగు ఇళ్లకు పెద్ద లోటు తిథుల దగ్గర వస్తుంది. క్యాలెండర్‌లో 'ఏటా' అని పెడితే ఇంగ్లీషు తేదీయే తిరిగి వస్తుంది. ఉగాది 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చాయి, పదకొండు రోజుల తేడా. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో వినాయక చవితి వెనక్కి జరగాల్సింది పోయి, 2025 ఆగస్టు 27 నుంచి సెప్టెంబర్ 14కు ముందుకు వెళ్లింది. తద్దినాలూ వ్రతాలూ ఇలాగే కదులుతాయి కాబట్టి ఏటా పంచాంగం చేతికి రాగానే ఒకేసారి ఎక్కించుకోవాలి. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి వరుసలో ఇంగ్లీషులో 'సబ్జెక్ట్', 'స్టార్ట్ డేట్' అని రెండు శీర్షికలు పెట్టి, కింద పేర్లూ తేదీలూ నింపాలి. తేదీలో నెల ముందు, రోజు తర్వాత రావాలి. మన అలవాటు ప్రకారం రోజు ముందు రాస్తే ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయి కూర్చుంటుంది. ఎక్సెల్‌లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రకంగా సేవ్ చేయాలి, లేకపోతే తెలుగు అక్షరాలు పిచ్చిగీతల్లా వస్తాయి. ఆ ఫైల్‌ను గూగుల్ క్యాలెండర్‌లోకి దించడం (ఇంపోర్ట్) ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్ బ్రౌజర్‌లోనే చేయాలి. ముందుగా 'తిథులు' అని వేరే క్యాలెండర్ తెరిచి అందులోకే దించండి. తప్పు జరిగితే ఆ క్యాలెండర్‌ను తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అసలు క్యాలెండర్‌లోకి దించితే ఒక్కొక్కటే వెతికి తుడవాలి. అదే క్యాలెండర్‌ను అన్నదమ్ములకు షేర్ చేస్తే ఎవరికి వారు లెక్కవేసుకునే పని తప్పుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లతో వారం వారం మాట్లాడే వేళకు టైమ్ జోన్ జాగ్రత్తగా ఎంచుకోవాలి. అక్కడ వేసవికి గడియారాలను గంట ముందుకు జరుపుతారు కాబట్టి, భారత కాలమానంలో రాత్రి 8:30కు పెడితే న్యూజెర్సీలో చలికాలం ఉదయం 10, వేసవిలో 11 అవుతుంది. న్యూజెర్సీ 10 గంటలకు పెడితే వేసవిలో మనకు రాత్రి 7:30కే వస్తుంది. వేళ మార్చుకోలేని వాళ్లది ఏ ఊరైతే ఆ జోన్‌లోనే ఈవెంట్ సృష్టించాలి. సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్ పెట్టుకుంటే వారం పేజీ పక్కన రెండు గడియారాలూ కనిపిస్తాయి.

ఏకాగ్రత కావాల్సిన పనికి క్యాలెండర్‌లో బ్లాక్, అంటే ఆ పనికే కేటాయించిన సమయం, పెట్టుకోవడం మంచి అలవాటే, కానీ రోజంతా నింపేస్తే మొదటి ఫోన్ కాల్‌కే మొత్తం కూలిపోతుంది. పనివేళల్లో మూడో వంతు ఖాళీగా ఉంచాలి. ఒక్కో బ్లాక్ గంటన్నరకు మించకుండా చూడాలి. పని అయ్యాక ఆ బ్లాక్ కింది అంచును లాగి, నిజంగా ముగిసిన వేళకు సరిచేయాలి. చాలామంది చేయనిది ఇదే. ఒక పనికి ఎప్పుడూ ఒకే పేరు వాడితే, కొన్ని వారాల తర్వాత వెతికినప్పుడు 'జీతాల లెక్క'కు గంట కేటాయిస్తున్నా రెండు గంటలు పడుతోందని కళ్లముందే కనిపిస్తుంది. తర్వాతి నెల రెండు గంటలే కేటాయించొచ్చు.

నోటిఫికేషన్ ఆలస్యంగా వస్తుంటే యాప్‌ను తిట్టేముందు ఫోన్ బ్యాటరీ సెట్టింగ్ చూడండి. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు తీసేసి, 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోవాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు విడిగా అనుమతి కూడా ఇవ్వాలి. కొన్ని ఫోన్లలో 'ఆటోస్టార్ట్' అనే మరో మీట ఉంటుంది, అదీ ఆన్ చేయాలి.

డబ్బు విషయానికొస్తే, గూగుల్ క్యాలెండర్ ఉచితం. టుడూయిస్ట్ ఉచిత ఖాతాలో ఐదు సొంత ప్రాజెక్టులే వస్తాయి. ఇల్లు, ఆఫీసు, డబ్బు, పిల్లల చదువు, కొనాల్సినవి అని పంచుకుంటే సరిపోతాయి. పనులను క్యాలెండర్ రూపంలో చూడాలంటే డబ్బు కట్టాలి. గూగుల్ క్యాలెండర్ పక్కనే ఉన్నవాళ్లకు అది అక్కర్లేదు. ఐదు ప్రాజెక్టులు నిజంగా చాలనప్పుడే చందా కట్టండి.