పోస్ట్‌గ్రెస్: కరెంటు పోయినా రసీదు పోలేదు

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ సర్వర్ చూసుకోవడం నా పని. సీజన్‌లో బస్తాలు దిగుతూనే ఉంటాయి, గేటు దగ్గర రసీదులు వరసగా కొట్టాలి. ఒక్కటి గల్లంతైనా రైతుకి మేం జవాబు చెప్పాలి. అందుకే ఏ డేటాబేస్‌నైనా నేను అడిగేది ఒకటే: 'సేవ్ అయింది' అన్నప్పుడు నిజంగా డిస్కు మీదకి చేరిందా? ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్‌కి పూర్తి మార్కులు.

దాని పద్ధతి మన షావుకార్ల లెక్కల్లాంటిదే. ముందు చిట్టాలో రాసి, తర్వాత తీరిగ్గా ఆవర్జాకి ఎక్కిస్తుంది. ఇక్కడ చిట్టా అంటే వాల్ (రైట్-అహెడ్ లాగ్), అంటే మార్పులన్నీ ముందుగా రాసుకునే లాగ్. మార్పు అందులో పడి, ఎఫ్‌సింక్ (డేటాని నిజంగా డిస్కు మీదకి రాయించే ఆదేశం) పూర్తయ్యాకే కమిట్ అయినట్టు, అంటే సేవ్ అయినట్టు చెబుతుంది. అసలు టేబుల్ పేజీలు, ఒక్కోటి 8 కేబీ, అప్పటికింకా మెమరీలోనే ఉండొచ్చు. వాటిని డిస్కుకి చేర్చే బాధ్యత చెక్‌పాయింట్‌ది. డీఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారి జరుగుతుంది. మధ్యలో సర్వర్ ఆగిపోతే, మళ్లీ లేవగానే చివరి చెక్‌పాయింట్ నుంచి వాల్ చదువుకుని తనే సరిచేసుకుంటుంది. మా యూపీఎస్ చేతులెత్తేసిన రోజు ప్రింటైన రసీదులన్నీ సరిచూశాను. ఒక్కటీ పోలేదు.

డీఫాల్ట్ సెట్టింగులు మాత్రం నాకు నచ్చలేదు. చెక్‌పాయింట్ల మధ్య వాల్ ఎంత పెరగొచ్చో చెప్పే మాక్స్ వాల్ సైజు 1 జీబీయే. పాత ఏళ్ల రికార్డులు ఎక్కిస్తుంటే అది ఇట్టే నిండి, చెక్‌పాయింట్లు వెంటవెంటనే వచ్చి, గేటు దగ్గర స్క్రీన్ నత్తనడక నడిచింది. పైగా చెక్‌పాయింట్ తర్వాత ఏ పేజీని మొదటిసారి మార్చినా ఆ పేజీ మొత్తం వాల్‌లోకి వెళ్తుంది. అంటే చెక్‌పాయింట్లు ఎక్కువైతే వాల్ కూడా పెరుగుతుంది! 4 జీబీకి పెంచాక కుదుటపడింది. క్రాష్ అయితే కోలుకోవడానికి కాస్త ఎక్కువ సేపు పట్టొచ్చు, మాకది పర్వాలేదు. 14వ వెర్షన్ నుంచి రాతపనిని ఒక్కసారిగా కాకుండా చెక్‌పాయింట్ గడువులో 90 శాతం మేర పరిచేస్తోంది, అదీ మంచి మార్పే.

ఇంకో గొప్ప సంగతి. ఎఫ్‌సింక్ ఫెయిలైతే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఎర్రర్‌ని ఒక్కసారి చెప్పి ఊరుకోవచ్చని, మళ్లీ అడిగితే అంతా బాగుందనే అనొచ్చని 2018లో బయటపడింది. 2019లో వచ్చిన 11.2 వెర్షన్ నుంచి, ఎఫ్‌సింక్ ఫెయిలైతే పోస్ట్‌గ్రెస్ తనంతట తానే ఆగి, వాల్ నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. పాడైన డేటాతో నడవడం కంటే ఆగిపోవడమే నయమనుకునే సాఫ్ట్‌వేర్ అంటే నాకు గౌరవం.

డిస్కు దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా చేతిలో ఉన్న డేటాని రాసేసే ఏర్పాటు) ఉన్న ఎస్ఎస్‌డీయే కొనండి. స్పీడు కోసం సింక్రనస్ కమిట్ (వాల్ డిస్కుకి చేరేదాకా ఆగి, ఆ తర్వాతే సేవ్ అయిందని చెప్పే సెట్టింగు) ఆఫ్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే, క్రాష్‌లో చివరి కొన్ని కమిట్‌లు పోవచ్చని గుర్తుపెట్టుకోండి. రసీదుల సర్వర్‌లో నేనైతే దాన్ని ముట్టుకోను.