జిప్సీకి ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించి కొన్నేళ్లయ్యాక

ఫోర్జ్‌డ్ పిస్టన్లు, అంటే అచ్చులో పోయకుండా లోహాన్ని గట్టిగా ఒత్తి చేసిన పిస్టన్లు, వేయించాలా వద్దా అని అడిగేవాళ్లంతా ముందు పికప్ గురించే అడుగుతారు. పికప్ సంగతి తర్వాత చెబుతాను. నేను ముందు చెప్పాల్సింది సందు గురించి. పిస్టన్‌కీ, అది పైకీ కిందికీ ఆడే బోరుకీ మధ్య వదిలే ఆ కాస్త ఖాళీ. దాని మీద నాకు మొదట్లో పీకల్దాకా కోపం ఉండేది. ఇప్పుడు దాన్ని వెనకేసుకొస్తున్నాను.

మాది ఒడిశాలో సిమిలిగుడ. బండి మారుతి పెట్రోల్ జిప్సీ, ఓడీ 10 నంబరు. చుట్టాలందరూ సాలూరు, విజయనగరం వైపే, నా సరుకూ అక్కణ్ణుంచే వస్తుంది కాబట్టి సుంకి ఘాట్ దిగి ఎక్కడం మాకు మామూలే. బండి నీలంగా పొగ వదలడం, ఆయిల్ తాగడం మొదలయ్యాక రీబోర్ (అరిగిన బోరుని కాస్త వెడల్పుగా కొట్టించడం) తప్పలేదు. కంపెనీ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే సరిపోయేది. వాటికి నాలుగైదు రెట్లు పెట్టి బయటి ఫోర్జ్‌డ్ సెట్టు తెప్పించాను. ఘాట్‌లో నిండా బరువుతో, మూడో గేరు రెండో గేరు మీద గంటసేపు లాగే ఇంజన్‌కి గట్టి పిస్టన్ ఉండాలన్నది నా ఆలోచన.

సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మా బాబాయికి డబ్బా చూపిస్తే ఆయన బ్రాండు పేరు కూడా చూడలేదు. "ఏ అల్లాయ్‌రా ఇది?" అనే అడిగారు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే. ఫోర్జ్‌డ్ పిస్టన్లు ఎక్కువగా రెండు రకాల లోహాలతో వస్తాయి. 4032 రకంలో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది, 2618లో దాదాపు ఉండదు. సిలికాన్ లేకపోతే లోహానికి సాగే గుణం ఎక్కువ, దెబ్బ తగిలితే సులువుగా పగలదు. కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు కావాలి కదా, అందుకని చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ సందు వదలాలి. నా సైజులో అప్పుడు దొరికింది 2618 మాత్రమే. కంపెనీ పిస్టన్‌కి 0.03 మి.మీ. అటూ ఇటూ వదిలే చోట, నా సెట్టుతో వచ్చిన కార్డు 0.07 వదలమంది.

బోరింగ్ షాపులో పెద్ద గొడవ అక్కడే అయింది. "ఇంత లూజా? నెల తిరక్కుండా పొగ కొడతాది బాబూ" అని ఆ మేస్త్రీ మొత్తుకున్నాడు. జీవితమంతా కంపెనీ పిస్టన్లకే బోరు కొట్టినవాడు, ఆయన భయం ఆయనది. నాలుగు పిస్టన్లనూ స్కర్టు (పిస్టన్ కింది భాగం) దగ్గర, కార్డులో చెప్పిన ఎత్తులోనే మైక్రోమీటర్ పెట్టి కొలిపించి, దేని బోరు దానికే కొట్టించాను. మీరు వేయించుకుంటే ఈ పని దగ్గరుండి చేయించుకోండి. సైజు డబ్బా మీద రాసుంది కదా అని నాలుగింటినీ ఒకే కొలతకు కొట్టేసే షాపులున్నాయి.

పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ అంతే. కంపెనీ రింగుల్లా విప్పి ఎక్కించేయడం కుదరదు, మూతుల (రింగు తెగి ఉండే రెండు కొసల) దగ్గర ఆకురాయి పట్టి సందు సరిచేసుకోవాలి. టర్బో లేని ఇంజన్‌కి నా కార్డు చెప్పిన లెక్క, అంగుళం బోరుకి 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). నా 74.5 మి.మీ. బోరుకి అది 0.30 మి.మీ. అవుతుంది. రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌ని తిరగేసి దాంతో కిందికి నెట్టి మట్టం చేసి, మూతుల మధ్య ఫీలర్ గేజ్ దూర్చి చూడటం, తీసి రెండు రాపిళ్లు రాయడం, మళ్లీ పెట్టి చూడటం. ఆకురాయి ఎప్పుడూ బయటి అంచు నుంచి లోపలికే నడవాలి, లేకపోతే పైపూత పెచ్చు లేస్తుంది. మా మెకానిక్ కుర్రాడికి ఇది కొత్త. అయినా అన్ని రింగులూ ఓపిగ్గా చేశాడు. ఈ సెట్టు ఇన్నాళ్లు నిలబడిందంటే సగం గొప్ప అతనిదే.

ఇక చప్పుడు. డిసెంబరు, జనవరి నెలల్లో మా వైపు చలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లారి మంచులో స్టార్ట్ చేస్తే కుట్టుమిషన్ తొక్కినట్టు టకటకటకా ఒకటే మోత. చల్లని పిస్టన్ ఆ సందులో అటూ ఇటూ ఒరిగి బోరు గోడకి కొట్టుకునే చప్పుడది. వేడెక్కి ఉబ్బాక పోతుంది. కానీ ఆ కాసేపూ ప్రాణం విలవిల్లాడేది. అంత డబ్బు పోసి కొత్తగా చేయించిన ఇంజన్ పాత డీజిల్ జీపులా మోగుతుంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు? పక్కింటాయన "బేరింగులు పోయాయా?" అని అడిగిన రోజున పిస్టన్లు తీయించేద్దామా అన్నంత టెన్షన్ పడ్డాను. సిమిలిగుడ నుంచి సునాబెడకి పొద్దున్నే వెళ్లే చిన్న ప్రయాణాలకైతే ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఊరు వచ్చేస్తుంది, దారంతా మోతే.

నా మనసు మార్చింది ఒక మే నెల మధ్యాహ్నం. సాలూరులో పెళ్లి చూసుకుని మా బావా, నేనూ, వెనక పెద్దవాళ్లూ, సామానూ పైకి వస్తున్నాం. ముందు లోడు లారీ. దాన్ని దాటే చోటు లేదు, దాని వెనకే మొదటి గేరులో పాకుతూ ఎక్కుతున్నాం. రెండు మలుపులు తిరిగాక తియ్యటి వాసన ఒకటి వచ్చింది, కూలెంట్ వాసన. వేడి ముల్లు పైకి లేచి ఎర్ర గీత మీదికి వెళ్లింది. లారీ వెనకాల ఆగడానికి చోటు వెతుక్కుంటుండగానే ముల్లు దానంతట అదే కిందికి దిగింది. "తగ్గిపోయింది బావా, పోనీ" అన్నాడు బావ. నా గుండె జారింది అప్పుడే. లోపల నీళ్లున్నంత వరకే ఆ ముల్లుని నడిపే సెన్సరు మాట నమ్మాలి. నీళ్లు పోయి ఆవిరి మిగిలితే అది తప్పు చెబుతుంది. కొండవారకి తీసి ఇంజన్ ఆపేశాను.

బానెట్ ఎత్తితే రేడియేటర్ కింది గొట్టం క్లాంపు పక్కన నిలువునా చీలి ఉంది. చుక్క నీరు లేదు. పిస్టన్ వేడి రింగుల మీదుగా బోరు గోడకి, అక్కణ్ణుంచి నీళ్లకి పోవాలి. నీళ్లే లేకపోతే ఆ వేడికి దారి లేదు. 100 డిగ్రీలు అదనంగా వేడెక్కితే నా పిస్టన్ 0.16 మి.మీ. ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న ఇనుప స్లీవు అందులో సగమే సాగుతుంది. సందు చాలకపోతే పిస్టన్ బోరుని పట్టేస్తుంది. మా బావ బండికి అదే ఘాట్‌లో అంతకుముందు జరిగింది అదే. కొత్తగా రీబోర్ చేయించిన ఇంజన్, కంపెనీ పిస్టన్లు, ఫ్యాన్ ఆగిపోయి రెండు బోర్లు గీతలు పడ్డాయి.

చల్లారాక కూడా నేను స్టార్ట్ చేయలేదు. ఒక పికప్ వ్యాను సాయంతో సిమిలిగుడ చేర్చాం. మర్నాడు హెడ్ (బోర్ల మీద మూతలా ఉండే ఇంజన్ పైభాగం) దించారు. రెండో బోరుకీ మూడో బోరుకీ మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది, హెడ్ వంగింది. మెకానిక్ కుర్రాడు బోరులో నూనె తుడిచి, టార్చి వేసి, బొటనవేలి గోరుతో పైనుంచి కిందికి, చుట్టూతా గీరుకుంటూ వచ్చాడు. నాలుగు బోర్లూ అయ్యాక తలెత్తి "గోరుకి ఏటీ తగల్లేదు అన్నయ్యా" అన్నాడు. హోనింగ్ (బోరు లోపల సాన పట్టడం) చేసినప్పటి అడ్డదిడ్డం గీతలు ఇంకా అలాగే కనిపిస్తున్నాయి. నా తృప్తి కోసం సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి మూడో పిస్టన్ బయటికి తీయించాను. స్కర్టు మీద ఒక పక్క కాస్త మెరుపు, అంతే. గీత లేదు. ఆ నల్లటి పిస్టన్‌ని చేతిలో పట్టుకున్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. చలికాలం పొద్దున్న నన్ను ఏడిపించిన ఖాళీయే ఆ మధ్యాహ్నం బోర్లని కాపాడిందని నా నమ్మకం. హెడ్ ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, పాత పిస్టన్లతోనే ఇంజన్ మళ్లీ బిగించాం.

కంపెనీ పిస్టన్లయితే కచ్చితంగా పట్టేసేవని ఒట్టేసి చెప్పలేను. ఇంజన్ ఎంత తొందరగా ఆపామన్నదీ లెక్కే. బావ బండిలో ముల్లు ఎర్ర గీత దాటాక కూడా కొంత దూరం నడిచింది.

పికప్ విషయానికొస్తే, వేయించిన కొత్తలో బండి ఎగిరి దూకుతోందని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి ఆ తేడా అరిగిన బోరు కొత్తదవడం వల్ల వచ్చింది, కంపెనీ పిస్టన్లు వేసినా వచ్చేది. కంప్రెషన్ పెంచని సెట్టు నాది, కాబట్టి పిస్టన్ల వల్ల అదనపు బలం రాదు. అర మిల్లీమీటరు బోరు పెరిగితే 1298 సీసీ ఇంజన్ 1316 అవుతుంది, ఆ తేడా కాలికి తెలియదు. కంప్రెషన్ పెంచే డోము పిస్టన్ల (తల ఉబ్బెత్తుగా ఉండేవి) మీద మనసున్నవాళ్లకి ఒక మాట. మా ఎత్తులో గాలి పలచన. సముద్ర మట్టంతో పోలిస్తే పదో వంతు దాకా తక్కువ. ఇక్కడ టైమింగ్ (స్పార్కు పడే వేళ) పెట్టించుకుంటే ఇంజన్ ముద్దుగా నడుస్తుంది, వేసవిలో సాలూరు దిగాక అదే ఇంజన్ మామూలు పెట్రోల్ మీద నాక్ కొట్టవచ్చు (పెట్రోల్ వేళ తప్పి అంటుకుని లోపల కొట్టడం). టైమింగ్ సరిచూడాల్సింది కింద, ఎండలో, బరువుతో.

ఆయిల్ కూడా కంపెనీ పిస్టన్ల కంటే కొంచెం ఎక్కువే తాగుతోంది. మేస్త్రీ భయపడినట్టు పొగ రాలేదు కానీ, ఆయిల్ మార్పుకీ మార్పుకీ మధ్య డిప్‌స్టిక్ చూసి పైన పోయాల్సి వస్తోంది. చలిలో స్టార్ట్ చేసి నెమ్మదిగా నడుపుతూ వేడెక్కనివ్వడం, ముల్లు లేచేదాకా తొక్కకపోవడం ఇంట్లో అందరికీ అలవాటు చేశాను. డ్రైవర్ల చేతులు మారే బండికి ఈ నియమం నిలవదు.

కాబట్టి నా బండికి, నా ఘాట్‌కి సరే. ఊళ్లో తిరిగే బండికైతే కంపెనీ ఓవర్‌సైజ్ వేయించి, మిగిలిన డబ్బుతో రేడియేటరూ గొట్టాలూ అన్నీ కొత్తవి వేయించమంటాను. బరువు లేకుండా అప్పుడప్పుడు ఘాట్ ఎక్కేవాళ్లకీ నేనైతే అదే చెబుతాను. టర్బో పెట్టే ఆలోచన ఉంటే లెక్క వేరు, అప్పుడు ఫోర్జ్‌డ్ కావాల్సిందే. నాకు ఈసారి రీబోర్ వస్తే ఫోర్జ్‌డే వేయిస్తాను గానీ, 4032 సెట్టు దొరికేదాకా ఆగుతాను. సందు కాస్త తగ్గుతుంది, చలికాలం మోతా తగ్గుతుంది. ఘాట్‌లో ఇంత ధైర్యంగా ఉంటుందో లేదో వేయించాకే చెప్పగలను.