చాంగీలో 13 గంటల మజిలీ: ఉచిత నగర యాత్ర ఎవరికి తగినది?

హైదరాబాదు నుంచి ఆస్ట్రేలియా వెళ్లే తెలుగువారిలో చాలామందికి సింగపూర్ ఒక మజిలీ. టిక్కెట్టు ధర చూసి ఎంచుకున్న ప్రయాణంలో ఆ మజిలీ ఒక్కోసారి పన్నెండు, పదమూడు గంటలు సాగుతుంది. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి మా అమ్మగారిని తీసుకువెళ్లినప్పుడు మాకు దొరికినదీ అలాంటిదే. తెల్లవారుతుండగా సింగపూర్‌లో దిగాం, తరువాతి విమానం రాత్రి 7 గంటలకు. అరవై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి దేశం దాటిన ఆవిడను అంతసేపు కుర్చీలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. తెలియని ఊళ్లో ఎండలో తిప్పి, మోకాళ్ల నొప్పులతో రెండో విమానం ఎక్కించడానికీ మనసొప్పలేదు. అందుకే చాంగీ విమానాశ్రయం మజిలీ ప్రయాణికుల కోసం నడిపే ఉచిత నగర యాత్రను ఎంచుకున్నాను. మా అమ్మగారి వంటివారికి దీనికి మించిన సదుపాయం మరొకటి లేదని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. అయితే ఇది అందరికీ సరిపోయేది కాదు.

మజిలీ కనీసం అయిదున్నర గంటలు, 24 గంటల లోపు ఉన్నవారు ఈ యాత్రకు అర్హులు. యాత్ర సుమారు రెండున్నర గంటలు సాగుతుంది. ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు, లేదా రెండవ, మూడవ టెర్మినళ్లలోని ట్రాన్సిట్ ప్రాంతంలో (ఇమ్మిగ్రేషన్ దాటకముందు ఉండే భాగంలో) ఉన్న యాత్ర కౌంటర్‌కి వెళ్లి అడగవచ్చు. నమోదయ్యేవరకు ఇమ్మిగ్రేషన్ దాటి బయటకు వెళ్లకూడదన్న సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. గైడు బృందాన్నంతటినీ కలిపి బయటకు తీసుకువెళ్లి, బస్సెక్కించి, తిరిగి విమానాశ్రయానికి చేరుస్తారు. నా దృష్టిలో ఈ సేవకు అసలు విలువ బస్సు ఉచితం కావడంలో లేదు. తిరిగి వచ్చే వేళ గురించిన ఆందోళనను మన భుజాల మీద నుంచి దించడంలో ఉంది.

యాత్ర ఉచితమే గానీ, సింగపూర్‌లో అడుగు పెట్టడానికి భారతీయులకు వీసా కావాలి. ఇక్కడ మనకు అక్కరకు వచ్చేది 96 గంటల వీసారహిత ట్రాన్సిట్ సదుపాయం. ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, బ్రిటన్, న్యూజిలాండ్, జపాన్, జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాలలో ఏదో ఒకదాని చెల్లుబాటయ్యే వీసా గానీ దీర్ఘకాలిక నివాస అనుమతి గానీ ఉండి, సింగపూర్ మీదుగా మూడో దేశానికి వెళ్తూ, 96 గంటల లోపు బయలుదేరే టిక్కెట్టు చేతిలో ఉన్న భారతీయులు ప్రత్యేకంగా సింగపూర్ వీసా తీసుకోకుండానే బయటకు అడుగు పెట్టవచ్చు. అనుమతించాలా వద్దా అన్నది చివరకు ఇమ్మిగ్రేషన్ అధికారి నిర్ణయమే. ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అంటించి ఉండదు కనుక, వీసా మంజూరు పత్రాన్ని అచ్చు వేయించి దగ్గర ఉంచుకోవడం మంచిది. దీనికి తోడు ఎస్‌జీ అరైవల్ కార్డును, అంటే సింగపూర్‌లో ప్రవేశించేవారు తమ వివరాలు తెలిపే పత్రాన్ని, చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో దీనికి పైసా ఖర్చు లేదు. రుసుము అడిగే వెబ్‌సైటు కనబడితే అది అసలుది కాదని గ్రహించి వెంటనే మూసివేయాలి.

టిక్కెట్టు విషయంలో నాకు ఎదురైన ఒక చిక్కు చెప్పాలి. మాకు మొదట టిక్కెట్లు చూసిన ఒక ఏజెంటు, ధర తగ్గుతుందని చెప్పి, రెండు విమానాలనూ రెండు వేర్వేరు బుకింగులుగా చేయబోయారు. అలా చేస్తే సామాను నేరుగా మెల్‌బోర్న్‌కి వెళ్లకపోవచ్చు. సింగపూర్‌లో మనమే బయటకు వచ్చి, పెట్టెలు తీసుకుని, మళ్లీ చెకిన్ చేయించవలసి రావచ్చు. రెండు పెద్ద పెట్టెలు వెంట ఉంటే నగర యాత్ర మాట అటుంచి, టీ తాగడానికి కూడా తీరిక ఉండదు. డబ్బు చెల్లించే ముందు నేను అడిగాను కాబట్టి ఆ సంగతి బయటపడింది. కొన్ని వేలు ఎక్కువైనా ఒకే బుకింగ్ చేయించి, హైదరాబాదులో సామాను అప్పగించేటప్పుడు ట్యాగు మీద చివరి గమ్యం పేరు ఉన్నదో లేదో స్వయంగా చూసుకున్నాను.

దిగిన వెంటనే యాత్రకు పరుగెత్తకపోవడం మేము చేసిన మంచి పని. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం 6 అంటే మన శరీరానికి ఇంకా తెల్లవారుజాము 3.30. చాంగీలో కాళ్లు చాపుకుని పడుకునే విశ్రాంతి స్థలాలు, పాదాలు పట్టే యంత్రాలు, తాగునీటి కుళాయిలు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. స్నానాల గదులకు మాత్రం డబ్బు చెల్లించాలి. మా అమ్మగారు రెండు గంటలు నిద్రపోయి, స్నానం చేసి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్న తరువాతే కౌంటర్ వైపు నడిచాం. రాత్రి ప్రయాణం చేసి వచ్చిన పెద్దవారికి ఈ రెండు గంటల నిద్రను యాత్రలో భాగంగానే లెక్కగట్టాలి.

మేము ఎంచుకున్నది నగర దృశ్యాల యాత్ర. సింహం తల, చేప శరీరంతో నోటి నుంచి నీళ్లు చిమ్మే మెర్‌లయన్ విగ్రహం 1972 నుంచి ఈ నగరానికి గుర్తుగా నిలిచి ఉంది. దాని ముందు నిలబడితే నీటికి అవతల మెరీనా బే శాండ్స్ మూడు భవనాలూ, వాటి తలల మీద పడవలా పరుచుకున్న ఉద్యానమూ ఒకే చూపులో కనిపిస్తాయి. 2012లో తెరిచిన గార్డెన్స్ బై ది బేలో ఉక్కు, కాంక్రీటుతో నిలబెట్టి, నిజమైన మొక్కలు అల్లించిన 18 సూపర్‌ట్రీలు ఉన్నాయి. వాటిలో పెద్దవి 50 మీటర్ల ఎత్తు. మా అమ్మగారు వాటిని చూసి, “చెట్లకు కూడా స్తంభాలు కట్టి పెంచుతున్నారా నాన్నా, ఎంత ఓపిక!” అన్నారు. చల్లని బస్సులో కూర్చుని, దిగిన చోట కొద్ది దూరమే నడిచి, ఒక్క పూటలో నగరం రూపురేఖలను చూడగలిగారు. ఆవిడ ముఖంలో అలసట కనిపించలేదు; నాకు అదే ముఖ్యం.

అయితే ఒక్కొక్క చోట తీరికగా కూర్చోవాలనుకునేవారికి రెండున్నర గంటల బృంద యాత్ర తృప్తినివ్వదు. ఓపిక ఉండి, మజిలీ ఎనిమిది గంటలకు పైగా ఉన్నవారికి నేను సూచించేది మెట్రో ప్రయాణం. చాంగీ విమానాశ్రయం స్టేషన్‌లో రైలెక్కి, తరువాతి స్టేషనైన ఎక్స్‌పోలో దిగి డౌన్‌టౌన్ లైనుకు మారితే, మళ్లీ మారే పని లేకుండా లిటిల్ ఇండియాకు చేరవచ్చు. దారికి ఒక గంట కేటాయించుకుంటే చాలు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డును గేటు దగ్గర తాకిస్తే టిక్కెట్టు కొనే అవసరం ఉండదు. సెరంగూన్ రోడ్డులో వీరమాకాళి అమ్మవారి ఆలయం, ఇంకొంత దూరం నడిస్తే శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఉన్నాయి. 19వ శతాబ్దంలో వెలసి, 1978లో జాతీయ స్మారక చిహ్నంగా గుర్తింపు పొందిన ఆ కోవెలలోని స్వామి మన వేంకటేశ్వరుడే. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కనుక దర్శనం కావాలంటే ఉదయం పూటే చేరాలి. అరటి ఆకులో అన్నం, సాంబారు వడ్డించే హోటళ్లు అదే వీధుల్లో ఉన్నాయి. మళ్లీ ఒంటరిగా సింగపూర్ మీదుగా వెళ్తే నేను ఎంచుకునేది ఈ దారే.

యాత్ర ముగిసి విమానాశ్రయానికి చేరాక మేము వెంటనే లోపలికి వెళ్లకుండా జ్యువెల్‌కి నడిచాం. 2019లో తెరిచిన ఈ గాజు భవనాన్ని మెరీనా బే శాండ్స్‌ను రూపొందించిన మోషే సాఫ్డీయే రూపొందించారు. నడుమ 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం చుట్టూ మెట్లు మెట్లుగా పచ్చని వనం పరుచుకుని ఉంటుంది. దాని ఎదుట ముప్పావుగంట కూర్చున్నాం. ఆ రోజు మొత్తంలో మా అమ్మగారు ఎక్కువగా తలుచుకునేది ఆ ముప్పావుగంటనే. జ్యువెల్ ఇమ్మిగ్రేషన్‌కు వెలుపల ఉన్నదన్న సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాక గానీ తెలియదు. బయటకు వెళ్లడానికి తగిన పత్రాలు లేనివారు రెండవ, మూడవ టెర్మినళ్ల మధ్య తిరిగే స్కైట్రెయిన్ ఎక్కితే, అది జ్యువెల్ గుండానే వెళ్తుంది కనుక, కిటికీ నుంచి జలపాతాన్ని కాసేపు చూడవచ్చు. మూడవ టెర్మినల్‌లోని సీతాకోకచిలుకల తోట, రెండవ టెర్మినల్ పైన ఉన్న పొద్దుతిరుగుడు తోట, మొదటి టెర్మినల్ పైనున్న నాగజెముడు తోట ట్రాన్సిట్ ప్రాంతంలోనే ఉన్నాయి. వాటికి వీసాతో గానీ డబ్బుతో గానీ పని లేదు.

మన ఇళ్ల నుంచి బయలుదేరేవారు సంచిలో ఏమున్నదో ఒకసారి చూసుకోవాలి. ఖైనీ, గుట్కా వంటి నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు, చూయింగ్ గమ్ సింగపూర్‌లోకి తేకూడదు. మనం మసాలాలో నూరుకునే గసగసాలు కూడా అక్కడ నిషిద్ధ వస్తువే. చాంగీ మొదటి మూడు టెర్మినళ్లలో భద్రతా తనిఖీ విమానం ఎక్కే గేటు దగ్గరే జరుగుతుంది. అందువల్ల నీళ్ల సీసాను అక్కడ ఖాళీ చేయవలసిందే. 100 మిల్లీలీటర్లకు మించిన ఊరగాయ సీసా చేతిసంచిలో ఉంటే అదీ అక్కడే ఆగిపోతుంది. తనిఖీ దాటిన తరువాతి గదిలో అన్ని గేట్ల దగ్గరా మరుగుదొడ్డి ఉండదు కనుక, పెద్దవారిని ముందే తీసుకువెళ్లి, గేటు మూసే సమయానికి కనీసం అరగంట ముందు వరుసలో నిలబడాలి. మేము 6 గంటలకల్లా గేటు దగ్గర ఉన్నాం. విమానం కదలకముందే మా అమ్మగారు నిద్రలోకి జారుకుని, మెల్‌బోర్న్‌లో దిగేముందు లేచారు.