రైబెకూఖెన్ కరకరలాడాలంటే సన్న తురుమా, ముతక తురుమా?

నవంబర్ రెండో సగంలో జర్మనీలోని కొలోన్ కేథడ్రల్ పక్కన క్రిస్మస్ మార్కెట్ మొదలవుతుంది. అక్కడ పొడవాటి క్యూ ఎక్కడుందో చూసి వెళ్తే చాలు, చాలాసార్లు అది రైబెకూఖెన్ కొట్టే అయి ఉంటుంది. నూనెలోంచి అప్పుడే తీసిన మూడు ఆలూ అట్లు, పక్కన ఇంత యాపిల్ గుజ్జు. అంచు కొరికితే కరకర, లోపల వెన్నలా మెత్తన. రైన్ నది ప్రాంతంలో దీన్ని రైబెకూఖెన్ అంటారు, కొలోన్ యాసలో రీఫ్‌కోఖె. మిగతా జర్మనీలో ఎక్కువగా వినిపించే పేరు కార్టోఫెల్‌పుఫ్ఫర్. బవేరియాలో అయితే రైబర్‌డాట్షి.

ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు నాకు వచ్చింది వేరే పదార్థం. రంగు బాగానే ఉంది. కానీ పెనం మీంచి తీసిన రెండు నిమిషాలకే మెత్తబడి, నూనె పీల్చుకుని వాలిపోయింది. మంట తక్కువైందనుకున్నాను, పిండి తక్కువైందనుకున్నాను. అసలు కారణం నీళ్లు. బంగాళాదుంప బరువులో దాదాపు 80 శాతం నీరే. ఆ నీరు ఆవిరైపోయేదాకా అట్టు పైపొర 100 డిగ్రీలు దాటి వేడెక్కదు. అంతవరకు అది ఉడుకుతుందే తప్ప వేగదు. ఈ సంగతి అర్థమయ్యాక తురుము, దుంప, పిండి, నూనె, ఏది ఎంచుకోవాలన్నా నేను ఇదే లెక్క చూసుకుంటున్నాను.

అన్నిటికన్నా పెద్ద తేడా తురుములోనే ఉంది. మా ఇంటి ఓనరు పెద్దావిడ చిన్నప్పటి నుంచీ చేసేది సన్న తురుము. తురుము పీటలో ముళ్లలా ఉండే వైపు గీసి, దుంపను దాదాపు రుబ్బిన పిండిలా చేస్తారు. ఇలా చేస్తే దుంప కణాలు బాగా చితికి, నీరూ పిండిపదార్థమూ ఎక్కువగా బయటికి వస్తాయి. ఆ పిండిపదార్థమే ముద్దను పట్టి ఉంచుతుంది. అట్టు అంచులు జాలీలా పలుచగా వేగుతాయి, లోపల మాత్రం మెత్తగా ఉంటుంది. పాత రుచి కావాలనుకునేవాళ్లకు ఇదే రైబెకూఖెన్. ఇబ్బందల్లా సమయంతోనే. పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి, పళ్లెంలోంచి నోట్లోకి వెళ్లాలి. ఐదు నిమిషాలు ఆగితే లోపలి తేమ పైకి వచ్చి కరకర పోతుంది.

ముతక తురుము ఇందుకు ఎదురు. క్యారెట్ కోరినట్టు పీట పెద్ద కన్నాల వైపు కోరితే పొడవాటి పోగులు వస్తాయి. కణాలు తక్కువ చితుకుతాయి కాబట్టి నీరు తక్కువ ఊరుతుంది, పిండడం తేలిక. పోగుల కొనలన్నీ విడివిడిగా వేగి, అట్టు ఎక్కువసేపు కరకరలాడుతుంది. కానీ పట్టు తక్కువ. తిప్పేటప్పుడు విడిపోతుంది. పైగా మొత్తం ముతకగానే చేస్తే అది స్విట్జర్లాండ్ వాళ్ల ఆలూ అట్టు రోష్టి వైపు వెళ్లిపోతుంది. అదీ మంచి వంటే. కాకపోతే లోపల ఆ వెన్నలాంటి మెత్తదనం దొరకదు.

రెండూ చాలాసార్లు చేసి చూశాక నా తీర్పు ఇది. ఇద్దరే ఉండి, స్టవ్ దగ్గరే నిలబడి తినేటట్టయితే సన్న తురుమే మేలు, దానికి సాటి లేదు. నలుగురు కూర్చుని తినాలంటే మూడు వంతులు ముతక, ఒక వంతు సన్నం. సన్నది జిగురులా పట్టుకుంటుంది, ముతకది కరకరను నిలబెడుతుంది. కిలో దుంపలకు ఒక పెద్ద ఉల్లిపాయ కూడా దుంపలతో పాటే కోరేయండి. రుచి సంగతి అటుంచితే, ఉల్లి కలిస్తే తురుము నల్లబడటం కూడా నెమ్మదిస్తుంది.

ఏ తురుమైనా పిండడం మాత్రం తప్పదు. శుభ్రమైన పలుచటి గుడ్డలో మూటకట్టి, చేతులు నొప్పి పుట్టేదాకా మెలిపెట్టాలి. నేను చాలనుకున్న దగ్గర పెద్దావిడ మూట లాక్కుని మళ్లీ పిండితే ఇంకో పావు గ్లాసు వచ్చింది! ఆ నీటిని పారబోయకండి. గిన్నెలో పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి గట్టిగా పేరుకుంటుంది. పైనీరు వంపేసి, ఆ తెల్లపిండిని గీకి తురుములో కలపండి. దుంపలోంచి తీసేయాల్సింది నీటిని మాత్రమే.

ఇక దుంప. జర్మనీలో బంగాళాదుంపల సంచి మీదే రకం రాసి ఉంటుంది, చాలా చోట్ల రంగు కూడా వేస్తారు. ఆకుపచ్చది ఉడికినా చెదరని గట్టి రకం, నీలం పొడిపొడిలాడే రకం, ఎరుపు రెండింటికీ మధ్యది. గట్టి రకంలో పిండిపదార్థం తక్కువ, సలాడ్‌కు బాగుంటుంది, దీనికి వద్దు. నీలం రకం బాగా కరకరలాడుతుంది కానీ తొందరగా చెదురుతుంది. నేను ఎరుపే కొంటాను. ఇండియాలో ఈ రంగుల గొడవ లేదు. తొక్క గోటితో గీరితే ఊడొచ్చే కొత్త దుంపలు కాకుండా, నిలవున్న పాత దుంపలు తీసుకుంటే చాలు. ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలు మాత్రం వాడొద్దు. చల్లదనానికి పిండిపదార్థం కొంత చక్కెరగా మారి, లోపల వేగకముందే పైన నల్లబడుతుంది.

గుడ్డు, మైదా వేయాలా వద్దా? మామూలుగా కిలోకు రెండు గుడ్లు, రెండు మూడు చెంచాల మైదా వేస్తారు. కొందరు మైదా బదులు ఓట్స్ వేస్తారు. చెదురుతుందన్న భయంతో మైదా పెంచుతూ పోతే మాత్రం మిగిలేది రబ్బరులా సాగే అట్టే. నేను ఒక గుడ్డు, పేరుకున్న తెల్లపిండి, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్‌తో ఆపేస్తాను. గుడ్డు తినని ఇళ్లలో ఇంకో చెంచా కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా బియ్యప్పిండి వేసి, అట్టు చిన్నదిగా వేస్తే విడిపోదు. మన చేయి అలవాటుగా శనగపిండి డబ్బా వైపు పోతుంది. దయచేసి వద్దు. శనగపిండి పడితే రుచి పకోడీదైపోతుంది, బంగాళాదుంప వాసన కనపడకుండా పోతుంది.

ఉప్పు చివర్లో, వేయించే ముందే కలపండి. ముందే వేస్తే మళ్లీ నీరూరుతుంది.

నూనెనా, నెయ్యా అన్నది జర్మన్ ఇళ్లలోనూ ఉన్న ప్రశ్నే. అక్కడ అమ్మే బుటర్‌ష్మాల్ట్స్ అంటే కాచి వడకట్టిన వెన్న, మన నెయ్యికి దగ్గరి చుట్టం. కమ్మగా ఉంటుంది, ఎక్కువ వేడికీ మాడదు. ఉత్త వెన్న మాత్రం అందులోని పాల పదార్థం వల్ల మాడిపోతుంది. అయితే అంతా నేతిలోనే వేయిస్తే నాలుగో అట్టుకే మొహం మొత్తుతుంది. సన్‌ఫ్లవర్ నూనెలో రెండు చెంచాల నెయ్యి కలపడమే నాకు నచ్చిన దారి. పెనంలో అర సెంటీమీటరు లోతు ఉండాలి, వేడి 170 నుంచి 180 డిగ్రీలు. చెక్క గరిటె కాడ ముంచితే చుట్టూ బుడగలు చురుగ్గా లేవాలి. ముద్ద వేసి పలుచగా ఒత్తి, అంచు బంగారు రంగు తిరిగేదాకా కదపకండి. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లోనూ చేశాను, ఎండిన అట్టలా వచ్చింది.

నంజుకోవడానికి యాపిల్ గుజ్జు ఒక దారి. నల్ల రొట్టె, దాని మీద షుగర్ బీట్ (చక్కెర దుంప) పాకం మరో దారి, ఇది రైన్ వాళ్ల అలవాటు. పాకం బెల్లపు పాకాన్ని గుర్తుచేస్తుంది కాబట్టి నాకు అదే నచ్చుతుందనుకున్నాను. కానీ ఉప్పగా, నూనెగా ఉన్న అట్టు మీద పుల్లటి యాపిల్ తగిలితే వచ్చే రుచి వేరు. చక్కెర వేయని గుజ్జు దొరికితే అదే తీసుకోండి. పొగబెట్టిన సాల్మన్ చేపతోనూ తింటారు, అది పండగ పూట సంగతి.

వేగినవాటిని టిష్యూ మీద ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ఆవిరి పట్టి అన్నీ మెత్తబడతాయి. జాలీ స్టాండు మీద విడివిడిగా, 100 డిగ్రీల ఓవెన్‌లో ఉంచితే చివరి అట్టు వేగేదాకా మొదటిది కరకరలాడుతూనే ఉంటుంది. కలిపిన ముద్ద రేపటికి దాచొద్దు, నీరు వదిలి బూడిదరంగు తిరుగుతుంది. అన్నీ ఆ పూటే వేయించేసి, మిగిలినవి మర్నాడు 200 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది, పది నిమిషాలు వేడిచేసుకోండి.