కొండ దిగాక తిరుపతిలో ఏం చూడాలి, ఏం వదిలేయాలి

దర్శనం చేసుకుని కొండ దిగేవాళ్లలో చాలామందికి తిరుపతి అంటే బస్సు మారే చోటు. లడ్డూ సంచి పట్టుకుని నేరుగా స్టేషన్‌కి పోతారు. కాస్త టైమున్నవాళ్లు ‘లోకల్ టెంపుల్స్’ అని పిలిచే జీపు ఎక్కుతారు. సగం రోజులో అరడజను గుళ్లు తిప్పి దింపేసే ఆ ప్యాకేజీ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. క్యూ పొడుగ్గా ఉంటే “బయట నుంచే దండం పెట్టుకోండి సార్, లేటయిపోతుంది” అంటారు. ఈసారి అమ్మానాన్నలతో వెళ్లాం కాబట్టి రోజంతటికీ ఒక కారు మాట్లాడుకున్నాం. నలుగురుంటే తలా పడే ఖర్చులో మరీ తేడా ఉండదు, ఎక్కడ ఎంతసేపు ఉండాలన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది.

ముందు బస సంగతి. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, ఆర్టీసీ బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రెండూ టీటీడీవే. అద్దె తక్కువ, గదులు శుభ్రంగా ఉంటాయి, పెద్దవాళ్లతో సామాన్లు మోసుకుంటూ ఆటోల కోసం వెతుక్కోనక్కర్లేదు. కాకపోతే ఆన్‌లైన్‌లో ముందుగానే బుక్ చేసుకోవాలి. సర్వదర్శనం టోకెన్లు ఇచ్చేదీ అక్కడే కాబట్టి తెల్లవారకముందే కింద జనసందడి మొదలవుతుంది, చిన్న చప్పుడుకే మెలకువ వచ్చే వాళ్లయితే పై అంతస్తు అడగండి. మాకు ఒక రాత్రి గది దొరక్క స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. ఫోన్లో ఒక రేటు చెప్పి, కౌంటర్ దగ్గర “శనివారం కదా సార్” అని ఇంకో రేటు అన్నారు. వేడినీళ్లు ఉదయం ఎనిమిది దాకానేనట. డబ్బులు కట్టే ముందు గది చూసి, గీజర్ ఉందో లేదో అడిగితే మంచిది.

ఇంకా కొండ మీద ఉండగానే శిలాతోరణం చూసి రండి. గుడికి దగ్గరే, చక్రతీర్థం పక్కన. రాయి తనంతట తాను విల్లులా వంగి నిలబడి ఉంటుంది, ఎవరూ చెక్కింది కాదు. పాపవినాశనం బస్సులకున్న రద్దీలో పదోవంతు కూడా ఇక్కడ కనపడదు. ఘాట్ రోడ్డు పక్కన కొండ కోసుకుపోయినచోట రాతి పొరలు కూడా గమనించండి. కింద బాగా పాత రాయి, దాని మీద ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాత పేరుకున్న పొరలు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బస్సు మలుపులకు తల తిరగని వాళ్లకే ఈ సలహా.

ఊళ్లో కపిలతీర్థం వానాకాలం తర్వాత వెళ్తేనే అందం. అక్టోబరు, నవంబరుల్లో కొండ మీద నుంచి నీళ్లు కోనేట్లోకి దూకుతుంటే కదలబుద్ధి కాదు, ఎండాకాలంలో అయితే బండ మీద తడి మాత్రమే. గోవిందరాజస్వామి గుడి స్టేషన్ నుంచి నడిచిపోయే దూరం, శయనమూర్తిని చూడ్డానికి తిరుమలలోలా తోపులాట ఉండదు. తిరుచానూరు పద్మావతి అమ్మవారిని చూడకుండా రావడం మా అమ్మ దృష్టిలో సగం యాత్రే, కాబట్టి దాని గురించి తర్కం లేదు. శుక్రవారం తప్పించి పొద్దున్నే పోతే తేలికగా అయిపోతుంది.

నన్నడిగితే తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న చంద్రగిరి కోటకు సగం రోజు ఇవ్వాలి. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి ఇక్కడికి రాజధాని మార్చుకున్నారు. 1639లో మద్రాసు తీరంలో కోట కట్టుకోవడానికి ఆంగ్లేయులకు దొరికిన అనుమతి కథలోనూ చంద్రగిరి పేరు వస్తుంది. మూడంతస్తుల రాజమహల్‌ని కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు. పక్కన చిన్నదిగా రాణిమహల్. రాజమహల్లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. అక్కడ రాయలవారి, దేవేరుల విగ్రహాలు చూస్తూ నాన్న “కొండ మీద గుళ్లో కూడా ఉన్నారు కదా, ఎవరూ ఆగి చూడనివ్వరు” అన్నారు. నిజమే, ప్రతిమా మండపంలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు, మనల్నేమో వెనకవాళ్లు తోసేస్తుంటారు. కోట వెనక కొండ, ముందు పచ్చిక. ఎండ తగ్గాక పోవాలి, నీళ్ల సీసా మర్చిపోవద్దు. దారిలోనే శ్రీనివాసమంగాపురం. పెళ్లయ్యాక స్వామి పద్మావతితో కొన్నాళ్లు ఇక్కడే ఉన్నారని చెప్తారు, కొత్త జంటలు ఎక్కువగా కనిపించేది అందుకే.

గుడిమల్లం గురించి చెప్పగానే మా డ్రైవరు “ఈడేముందన్నా, చిన్న పల్లె. కాళహస్తికి పోదాం పదండి” అన్నాడు. ప్యాకేజీల్లో ఈ ఊరు దాదాపు కనపడదు. పాపానాయుడుపేట దగ్గర పొలాల మధ్య పరశురామేశ్వర ఆలయం. గర్భగుడి వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, లోపలికి మెట్లు దిగి చూడాలి. లింగం ముందుభాగంలోనే శివుడు నిలువెత్తు మనిషి రూపంలో చెక్కి ఉంటాడు. భుజాన గొడ్డలి, ఒక చేతిలో పొట్టేలు, కాళ్ల కింద కూర్చున్న యక్షుడు. క్రీస్తుపూర్వం నాటిదని ఎక్కువమంది పండితుల మాట, దేశంలో ఇప్పటికీ పూజలందుకుంటున్న అతి పాత లింగాల్లో ఒకటి. మేం వెళ్లినప్పుడు పూజారి తప్ప ఎవరూ లేరు, హారతి వెలుగులో ఆ చెక్కడాన్ని నింపాదిగా చూపించారు. తిండి మాత్రం వెంట తీసుకెళ్లండి.

అక్కడి నుంచి శ్రీకాళహస్తి దగ్గరే. పంచభూత లింగాల్లో వాయులింగం ఇది, గర్భగుడిలో గాలి చొరబడకున్నా ఒక దీపం రెపరెపలాడుతుందంటారు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన పెద్ద గాలిగోపురం 2010 మేలో ఒక సాయంత్రం కూలిపోయింది, ఇప్పుడున్నది మళ్లీ కట్టింది. రాహుకేతు పూజలకు టికెట్ రేట్లు రకరకాలు. బయట ఎవరైనా “త్వరగా చేయిస్తాం” అని వెంటపడితే పట్టించుకోకుండా నేరుగా కౌంటర్‌కే వెళ్లండి. పూజ లేని వాళ్లు కూడా లోపలి స్తంభాల కోసం గంటసేపు ఉండొచ్చు.

తలకోన వేరే రోజు పెట్టుకోవాలి. భాకరాపేట ఘాట్ మీదుగా, అడవిలోంచి ప్రయాణం. 270 అడుగుల జలపాతం, నీళ్లుంటే అద్భుతం, లేకపోతే నడకే మిగులుతుంది. ఆదివారం వద్దు. ఇక 1987లో పెట్టిన ఎస్వీ జూ చాలా పెద్దది, పిల్లలుంటే సరే, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు నడవలేరు.

తిండి విషయంలో అమ్మానాన్నలకు ఇడ్లీ, పొంగలితో గడిచిపోయింది. నాకైతే చంద్రగిరి దారిలో చిన్న హోటల్లో తిన్న రాగిసంగటి, నాటుకోడి పులుసు, పక్కన వేరుశనగ చట్నీ బాగా నచ్చాయి. కొండ మీద నియమాలున్న వాళ్లు దర్శనం తర్వాతే ఆ దారి పట్టండి.

రైలు తిరుపతి నుంచే ఉండాలని పట్టుబట్టకండి. చాలా ఎక్స్‌ప్రెస్‌లు రేణిగుంటలోనే ఆగుతాయి. గుడిమల్లం, కాళహస్తి రెండూ అటువైపే కాబట్టి చివరిరోజుకు వాటిని ఉంచుకుని, సామాన్లు కార్లో పెట్టుకుని బయల్దేరి సాయంత్రం నేరుగా రేణిగుంటలో దిగిపోతే మళ్లీ ఊళ్లోకి వచ్చి ట్రాఫిక్‌లో చిక్కుకునే టెన్షన్ ఉండదు. కారు మాట్లాడేటప్పుడే రేణిగుంటలో దింపాలని చెప్పి రేటు ఖాయం చేసుకోండి.